నేను చూడని అరచెయ్యి

గోల్ఫ్ నేర్పే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ముగ్గురు మొన్న బోయిన్‌పల్లిలో మా ఇంటికి వచ్చారు. "సార్, మీ అనుభవాలు జెర రాసియ్యండి, మాకు పనికొస్తయి" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు కర్ర పట్టినవాణ్ణి, కలం పట్టినవాణ్ణి కాను. మొదట వద్దనే అన్నాను. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయాక మనసు మార్చుకున్నాను. రాయకుండా పోతే ఒక పిల్ల విషయంలో నేను చేసిన తప్పు నాతోనే పోతుంది. నాలాంటి మరో యాదగిరి మరో పిల్లకి అదే తప్పు చేస్తాడు. అందుకని రాస్తున్నాను.

ఏ సర్టిఫికెట్ ఎప్పుడు తెచ్చుకున్నానో, ఏ సంవత్సరం నన్ను హెడ్ కోచ్‌ని చేశారో ఇందులో ఉండదు. ఆ కాగితాలు బీరువాలో ఉన్నాయి, చెదలు చదువుకుంటాయి.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. చిన్న తెల్ల బంతిని పొడుగాటి కర్రతో కొట్టుకుంటూ పోయి దూరాన ఉన్న గుంతలో వేయాలి. ఎన్ని తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. సికింద్రాబాద్‌లో మా క్లబ్బు పాత క్లబ్బు. ఎండాకాలం వస్తే సగం మైదానం గడ్డి మాడిపోయి ఎర్రమట్టి, మొరం తేలేది. ఆ నేల మీదే నేను నేర్చుకున్నాను, ఆ నేల మీదే నేర్పాను.

డేవిడ్ సార్ సోమవారాలు

నాకు పని నేర్పింది డేవిడ్ సార్. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఉండేవాడు. నోరు మంచిది కాదు, మనిషి బంగారం. సోమవారం క్లబ్బుకి సెలవు. సభ్యులు ఎవరూ రారు. పనివాళ్ళూ, పనివాళ్ళ పిల్లలూ ఆడుకోవడానికి ఆ ఒక్క రోజే అనుమతి. ఆ రోజు పొద్దున్నే డేవిడ్ సార్ మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి "చేతులు" అనేవాడు. అంతే, అరచేతులు పైకి తిప్పి చాపాలి. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని వెలుతురుకి తిప్పి, వేలితో నొక్కి చూసేవాడు. కాయ ఎక్కడ కాసింది, తోలు ఎక్కడ ఊడింది, నొక్కితే ఎక్కడ చెయ్యి వెనక్కి లాక్కుంటున్నాడు, అన్నీ చూసేవాడు.

"బంతిని జూసి మోసపోతవ్‌రా యాదగిరీ. బంతి సక్కగనే పోతది, పోరడు లోపల ఖతమైతుంటడు. అరచెయ్యి మాత్రం అబద్ధం చెప్పది. ముందుగాల చెయ్యి చూడు, తర్వాత ఆట చూడు."

ఆయన పోయాక ఆ సోమవారాలు నేనే కొనసాగించాను. గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా. నా దగ్గర నేర్చుకున్న మగపిల్లల్లో ఒక్కడికీ చెయ్యి పాడవలేదు. మగపిల్లల్లో అని ఎందుకు రాశానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

రత్నం వచ్చింది

క్లబ్బు ఆఫీసులో అప్పారావు గారని టైపిస్టు ఉండేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. పద్మారావు నగర్‌లో రెండు గదుల ఇంట్లో అద్దెకి ఉండేవారు. మెత్తటి మనిషి, ఆయన టైపు మిషనే ఆయనకంటే గట్టిగా మాట్లాడేది. ఆయన కూతురు నూకరత్నం. బడి అయ్యాక క్లబ్బుకి వచ్చి వరండాలో కూర్చుని, తండ్రి పని అయ్యేదాకా హోంవర్కు చేసుకునేది. అప్పటికి దానికి పదమూడేళ్ళు.

ఒక సోమవారం అది నా దగ్గరికి వచ్చి, "సార్, నేను సుత కొడతా" అంది. ఊళ్ళో పుట్టినా పెరిగింది ఇక్కడే కదా, మాట మాత్రం అచ్చం మా మాటే. ఇంట్లో తండ్రి యాస, బయట మా యాస. పాత కర్ర ఒకటి ఇచ్చాను. మొదటి రెండు దెబ్బలు గాలికి పోయాయి. మూడో దెబ్బకి బంతి లేచి, పనసచెట్టు దాటి పడింది. అప్పారావు గారు కిటికీలోంచి చూసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అలాంటి దెబ్బ నేను నేర్పగలిగేది కాదు, కొందరికి పుట్టుకతోనే ఉంటుంది.

మరుసటి సోమవారం అది కూడా వరసలో నిలబడింది. మగపిల్లల్ని చూసి రెండు అరచేతులూ చాపింది. నేను ఒక్కొక్కరినీ చూసుకుంటూ దాని దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. వరండాలో తండ్రి ఉన్నాడు. పక్కన పిల్లలు కిసుక్కున నవ్వారు. ఎదిగే ఆడపిల్ల చెయ్యి పట్టుకుని నొక్కి చూస్తే నలుగురూ ఏమనుకుంటారు?

"నువ్వొద్దు తల్లీ, చేతులు దించు" అన్నాను.

దించేసింది. ఆ తర్వాత వరసలో నిలబడేది గానీ, చేతులు ఎన్నడూ చాపలేదు.

మర్యాద పాటించానని అనుకున్నాను ఆ రోజు. నా మర్యాద మండిపోను! దారి లేక కాదు. మా ఆవిడని చూడమనొచ్చు, వాళ్ళమ్మని పిలిపించి ఏం చూడాలో చెప్పొచ్చు. తోచలేదు. తోచకపోవడం కూడా తప్పే, ఈ పనిలో.

సైకిల్ షెడ్డులో పట్టా

సోమవారం ఒక్కరోజు ఆడితే ఆట రాదు. మిగతా ఆరు రోజులు దాన్ని సాధన మైదానంలోకి రానివ్వమని క్లబ్బు సెక్రటరీ గారిని అడిగాను. "యాదగిరీ, ఇయ్యాల టైపిస్టు బిడ్డ, రేపు వంటాయన బిడ్డ. మెంబర్లకు ఏం జవాబియ్యాలె?" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. దీపావళికి పనివాళ్ళందరికీ తన చేత్తో మిఠాయి ఇచ్చేవాడు. రూలు దాటే ధైర్యం లేనివాడు, అంతే. నా కొలువులో నేను చూసిన పెద్దసార్లలో ఎక్కువమంది అలాంటివాళ్ళే. చెడ్డ బాస్‌తో పోట్లాడొచ్చు, భయపడే మంచి బాస్‌తో ఏం చేస్తారు?

సరే, బాట నేనే వేశాననుకున్నాను. క్లబ్బు వెనక వాడకుండా వదిలేసిన సైకిల్ షెడ్డు ఉండేది. కింద సిమెంటు గచ్చు. దాని మీద కాళ్ళు తుడుచుకునే కొబ్బరిపీచు పట్టాలు మూడు ఒకదాని మీద ఒకటి వేశాను. ఎదురుగా పాత దుప్పటి వేలాడదీశాను. బంతి పట్టా మీద పెట్టి దుప్పట్లోకి కొట్టాలి. రోజూ సాయంత్రం రెండువందల బంతులు.

ఏడాది గడిచాక ఒక పట్టా తీసేశాను. పట్టా పల్చబడితే తప్పు చేయడానికి వీలుండదు. బంతికి వెంట్రుకవాసి వెనక తగిలిందా, కింద సిమెంటు గుద్దు కర్రలోంచి నేరుగా చేతికి తగులుతుంది. అందుకని బంతిని తప్ప ఇంకేదీ తాకకుండా కొట్టడం అలవాటవుతుంది. "పట్టా పల్చనైతే ఆట చిక్కనైతది" అని నేనో సామెత కూడా కట్టాను. పిల్లలందరికీ చెప్పేవాణ్ణి, సెక్రటరీకి చెప్పేవాణ్ణి, ఇంటికి వచ్చిన చుట్టాలకి కూడా చెప్పేవాణ్ణి.

నిజంగానే చిక్కనైంది. పదిహేడేళ్ళకి రాష్ట్రంలో ఆడపిల్లల్లో దాన్ని గెలిచేవాళ్ళు లేరు. గట్టి నేల మీద, ఎండిన మొరం మీద దాని బంతి లేచినట్టు ఎవరిదీ లేచేది కాదు. వేరే ఊళ్ళ కోచ్‌లు వచ్చి "ఎట్ల నేర్పినవ్ భాయ్?" అని అడిగేవారు. షెడ్డులోకి తీసుకెళ్ళి పట్టా చూపించేవాణ్ణి.

ఒకసారి, ఒక్కసారే, బంతి కొట్టాక అది ఎడమ చెయ్యి దులుపుకోవడం చూశాను.

"నొప్పా?" అన్నాను.

"లేదు సార్" అంది.

"అయితే కొట్టు" అన్నాను.

కంప్యూటర్ సార్లు

అవి మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. అమీర్‌పేటలో ప్రతి మేడ మీదా కంప్యూటర్ కోర్సు బోర్డే. మా క్లబ్బుకి కొత్త రకం మనుషులు రావడం షురూ అయింది. మెడలో కంపెనీ కార్డు, చేతిలో నిన్ననే కొన్న కర్రల సెట్టు, దాని మీద ప్లాస్టిక్ కవరు కూడా తీసి ఉండేది కాదు. "సార్, క్రాష్ కోర్స్ ఉందా? రెండు వీకెండ్స్‌లో అయిపోవాలి, క్లయింట్‌తో ఆడాలి" అనేవారు. నేను నవ్వి, కర్ర పట్టుకోవడం నేర్చుకోవడానికే ఆరు వీకెండ్లు పడుతుంది బాబూ అనేవాణ్ణి. మంచివాళ్ళే, తిట్టుకోను. తొందర మాత్రం వాళ్ళ ఒంట్లో ఉండేది. అది నాకూ అంటుకుంది. కొత్త పిల్లలకి ఈ మాట గట్టిగా చెబుతున్నాను: మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ తొందర మీకు అంటుకోనివ్వకండి.

వాళ్ళలో ఒకాయన ఒక కంపెనీకి డైరెక్టరు. రత్నం ఆట చూసి ఊగిపోయాడు. "మన హైదరాబాద్ నుంచి ఒక లేడీ ప్రో! మా కంపెనీ పేరుతో ఆడుతుంది. ఖర్చులన్నీ మావి" అన్నాడు. ఆయనే దాని చొక్కా మీద 'రత్నా' అని కుట్టించాడు, నూకరత్నం అంటే టీవీలో బాగుండదట. అది ఆ చొక్కా చూసుకుని, "నూకలు జల్లెడ పట్టిన్రు సార్" అని నవ్వింది. మంచి వేళాకోళం మనిషి అది, చెప్పడం మరిచాను.

ఇక్కడ చిన్న సంగతి చెప్పాలి. అప్పటిదాకా రత్నం అమెచ్యూర్, అంటే కప్పు కోసం, పేరు కోసం ఆడే మనిషి. ప్రొఫెషనల్ అయితే ఆటే బతుకుతెరువు. ఒకసారి ఆ గీత దాటితే అమెచ్యూర్ పోటీల్లోకి మళ్ళీ రావడం దాదాపు కుదరదు. ఆ పోటీల్లో గెలిచినందుకు దానికి క్రీడాకారుల కోటాలో సర్కారు ఉద్యోగం వచ్చే వీలుంది, కాగితాలు కదులుతున్నాయి. గీత దాటితే అదీ పోతుంది.

అప్పారావు గారు నా దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మాస్టారూ, ఉజ్జోగం వచ్చీదాకా ఆగమనండి. ఆడపిల్ల. మాకేటి ఉంది చెప్పండి, నా టైపు మిషను తప్ప? రేపు ఏటైనా అయితే ఎటెళ్తాది?"

"ఏమైతది అప్పారావ్ గారూ? నేను లేనా? పరేషాన్ గాకండి" అన్నాను.

రత్నాన్ని పిలిచి అడిగాను. దానికి అప్పటికి ఇరవై నిండాయి. "నీకేం కావాలె బిడ్డా?"

అది తండ్రి వైపు చూడలేదు, మైదానం వైపు చూసింది. "ఏడేండ్ల సంది సోమవారమే ఆడుతున్న సార్. మిగతా ఆరు రోజులు ఆడాలె నేను."

ఆ మాటకి అప్పారావు గారు వెళ్ళి తన టైపు మిషను ముందు కూర్చున్నారు. రత్నం ప్రొఫెషనల్ అయినట్టు కాగితం మీద సంతకం చేసింది. ఆ మర్నాడే సెక్రటరీ దానికి సాధన మైదానం తలుపు తెరిచాడు. కానీ రోజూ సాయంత్రం షెడ్డులో రెండువందల బంతులు మాత్రం మాననివ్వలేదు నేను.

ఒంటి చేత్తో దండం

మొదటి రెండు పోటీల్లో నడిమధ్యన మిగిలింది. గెలవలేదు, సిగ్గుపడేలా ఓడలేదు. డైరెక్టరు గారి గొంతు మారింది. మూడో పోటీ బెంగళూరులో. "సార్, మా బోర్డులో అడుగుతున్నారు. ఈసారి రిజల్ట్ కనపడకపోతే కంటిన్యూ చేయడం కష్టం" అని నాతో అన్నాడు. ఆ మాట దానికి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. కోచ్‌కి వచ్చిన భయాన్ని ఆటగాడి నెత్తిన దించేయడం మహా సులువు.

ఆ వారంలోనే అప్పారావు గారు ఆఫీసు గుమ్మంలో నన్ను ఆపారు. "పాప సాయంత్రం ఇంటికొచ్చి ఎడమ చెయ్యి ఉప్పు నీళ్ళలో ముంచుకుని కూకుంటంది మాస్టారూ. అడిగితే ఏటీ లేదంటంది. ఓసారి మీరు చూడరాదా?"

చూడరాదా అన్నాడు ఆ తండ్రి. చెయ్యి చూడమని తండ్రే నోరు తెరిచి అడిగాడు. ఇంకేం కావాలి నాకు?

"కష్టపడే పిల్లలకు నొప్పులుంటయి అప్పారావ్ గారూ. బెంగళూరు పోయొచ్చినంక చూద్దాం" అన్నాను.

బయలుదేరే రోజు పొద్దున క్లబ్బు గేటు దగ్గర కంపెనీ కారు వచ్చి నిలబడింది. డైరెక్టరు గారున్నారు, సెక్రటరీ ఉన్నాడు, అప్పారావు గారున్నారు. ఏ పోటీకి వెళ్ళినా రత్నం ముందు నా కాళ్ళకి దండం పెట్టి వెళ్ళేది. చేతులు అడ్డంగా మార్చి, కుడి చెయ్యి నా కుడి పాదం మీదా ఎడమ చెయ్యి ఎడమ పాదం మీదా ఆనించి, తల వంచి, ఒక్క క్షణం అలా ఉండేది. ఏడేళ్ళలో ఎన్నడూ తప్పలేదు. ఆ రోజు వంగి కుడి చెయ్యి ఒక్కటే ఆనించింది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

నాకు చుర్రుమంది. అంతమంది ముందు!

"ఏందే రత్నం, ప్రో అయినవని గురువుకు ఒంటి చేత్తో దండమా? గిదేనా నేను నేర్పింది?"

తలెత్తి చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. డైరెక్టరు గారి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. మళ్ళీ వంగింది. రెండు చేతులూ ఆనించింది. గట్టిగా ఆనించింది, నా ఎడమ పాదానికి ఆ ఒత్తిడి తెలిసింది.

"గెల్చి రా" అన్నాను.

గెలిచి వచ్చింది.

కప్పు ఫొటో

పేపర్లో ఫొటో పడింది. సెక్రటరీ మిఠాయిలు పంచాడు. దాని ఫొటో పెద్దది చేయించి, సభ్యులు కూర్చునే హాల్లో తగిలించాడు. ఏడేళ్ళు ఆ హాల్లోకి అడుగుపెట్టనివ్వని పిల్ల ఫొటో! డైరెక్టరు గారు ఇంకో రెండేళ్ళకి మాటిచ్చాడు. అప్పారావు గారు మా ఇంటికి వచ్చి మా ఆవిడకి చీర పెట్టి వెళ్ళారు. నా కొలువులో అంతకు మించిన రోజు లేదు అనుకున్నాను.

ఆ ఫొటోలో కప్పుని కుడి చేత్తో పట్టుకుని ఉంటుంది. ఎడమ పక్క కప్పుని మోస్తున్నది చెయ్యి కాదు, మోచెయ్యి. చెయ్యి కిందికి వాలి ఉంటుంది. ఆ ఫొటో కింద నుంచి రోజూ నడిచాను, చాన్నాళ్ళ దాకా నాకు కనిపించలేదు.

తిరిగి వచ్చిన వారానికి తర్వాతి పోటీకి సాధన మొదలుపెట్టాం. నా ఉషారు చూడాలి! షెడ్డులో మిగిలిన రెండు పట్టాల్లో ఒకటి లాగి పారేశాను. "ఇగ ఒక్కటి చాలు నీకు. పట్టా పల్చనైతే?" అన్నాను.

"ఆట చిక్కనైతది సార్" అంది, పాఠం అప్పజెప్పినట్టు.

పది పన్నెండు బంతులు కొట్టింది. ఆ తర్వాత కొట్టిన బంతి కూడా చక్కగానే పోయింది, దుప్పటి మధ్యలో తగిలింది. కర్ర మాత్రం దాని చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. అరవలేదు. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని కింద కూర్చుంది.

"సార్, చిటికెన వేలు వంగుతలేదు" అంది.

మారేడ్‌పల్లిలో ఎముకల డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళాం, నేనూ అప్పారావు గారూ. ఎక్స్‌రే తీసి చూశాడు. అరచేతి కింది భాగంలో, చిటికెన వేలి వైపు, కొక్కెంలాంటి చిన్న ఎముక ఒకటి ఉంటుందట. కర్ర పిడి చివర సరిగ్గా దాని మీదే ఆనుతుంది. గట్టి నేల గుద్దు పదే పదే తగిలి అది ఎప్పుడో విరిగింది. అతుక్కోలేదు. విరిగిన అంచు మీద చిటికెన వేలిని వంచే నరం రోజూ ఒరుసుకుని, చేదబావి గట్టు మీద తాడు తెగినట్టు ఆ రోజు తెగింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా నొప్పి?" అని అడిగాడు డాక్టరు.

"ఏడాది దాటింది సార్."

"మొదట్లోనే వచ్చుంటే రెండు నెలల్లో బంతి కొట్టేదానివి. అరచెయ్యి ఎవరైనా ఒక్కసారి నొక్కి చూసుంటే తెలిసిపోయేది." ఆయన మామూలుగానే అన్నాడు, నన్ను ఉద్దేశించి కాదు. నేనెవరో కూడా ఆయనకి తెలియదు.

అప్పారావు గారు మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళాక దాన్ని అడిగాను. కోపంగానే అడిగాను, ఇంకా సిగ్గు లేకుండా. "నాకెందుకు చెప్పలే?"

అది గోడ వైపు చూస్తూ చెప్పింది. "కారెక్కే రోజు చెప్దామనుకున్న సార్. మాటతోని చెప్పబుద్ధి కాలే. ఒక్క చెయ్యి పెడితే మీరే అడుగుతరనుకున్న."

తర్వాత

ఆపరేషన్ చేశారు. వేలు కొంత కదిలింది గానీ పిడికిలి పూర్తిగా పడదు. చిటికెన వేలు పట్టులేని చేత్తో కర్ర తిప్పొచ్చు, బతుకుతెరువుకి ఆడలేరు. డైరెక్టరు గారు రెండుసార్లు పూలగుత్తి పంపాడు. మరుసటి ఏడాదికి ఆ కంపెనీయే మూతపడింది. కోటా ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. దాని ప్రొఫెషనల్ బతుకు మొత్తం మూడు పోటీలు.

అప్పారావు గారు నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ పొద్దున "నమస్కారం మాస్టారూ" అని ఎప్పటిలాగే లేచి నిలబడేవారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ నమస్కారం తప్పించుకోవడానికి వెనక గేటు నుంచి వెళ్ళిన రోజులున్నాయి.

షెడ్డులో ఆ చివరి పట్టాని ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. ఎవరో తీసుకెళ్ళి ఆఫీసు గుమ్మం ముందు వేశారు. రిటైరయ్యేదాకా దాని మీదే కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

ఆ తర్వాత చాలామంది పిల్లలకి నేర్పాను. మగైనా ఆడైనా చేతులు చూశాను. ఆడపిల్లలైతే తల్లిని పక్కన కూర్చోబెట్టి చూశాను. ఒకళ్ళిద్దరు మూతి తిప్పారు, తిప్పనిచ్చాను. అయినా ఒక మాట నిజంగా చెప్పాలి, చేసిన తప్పు అలా చెరిగిపోదు. తర్వాత వంద చేతులు చూసినా చూడని ఆ ఒక్క చెయ్యే నాకు కనపడుతుంది. అనుభవం అంటే మంచి మాటలా వాడతారు జనం. నా అనుభవానికి ఖరీదు కట్టింది నేను కాదు, ఆ పిల్ల.

పోయిన చలికాలం రత్నం ఫోన్ చేసింది. అల్వాల్ అవతల ఒక బడిలో పిల్లలకి ఆటలు నేర్పుతోంది. బడి వెనక మెత్తటి మట్టి దున్నించి, చిన్న గోల్ఫ్ మైదానంలా చేసుకుందట. "ఒక్కసారి వచ్చి మా పిల్లలకు కనబడండి సార్" అంది. ఎన్నో సాకులు చెప్పాను. చివరికి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి పిల్లల్ని వరసగా నిలబెట్టి ఉంది. ఆడా మగా కలిపి ఓ పదిహేను మంది. "చేతులు" అంది. పదిహేను జతల అరచేతులు పైకి లేచాయి. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని, వెలుతురుకి తిప్పి, బొటనవేలితో నొక్కి చూస్తూ వచ్చింది. డేవిడ్ సార్ని అది చూసి కూడా ఎరగదు. నా దగ్గరే చూసింది, వరసలో నిలబడి, తన చేతులు దించుకుని.

పిల్లలందరి చేతులూ చూశాక నా దగ్గరికి వచ్చింది. జుట్టులో అక్కడక్కడా తెలుపు. "మా గురువు గారు" అని పిల్లలకి చెప్పింది. చెప్పి, వంగింది.

రెండు చేతులూ ఆనించింది. కుడి చెయ్యి నా కుడి పాదం మీద, ఎడమ చెయ్యి నా ఎడమ పాదం మీద. ఆ ఎడమ చేతి నాలుగు వేళ్ళు నా పాదాన్ని పట్టుకున్నాయి, చిటికెన వేలు మాత్రం పక్కకి నిటారుగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళయినా ఆ రోజు గేటు దగ్గర నేను తిట్టిన తిట్టు అది మరిచిపోలేదు. ఇప్పుడు కూడా గట్టిగానే ఆనించింది.

నేను కిందికి వంగాను. నాకూ మోకాళ్ళు సరిగా లేవు, అయినా వంగాను. ఆ ఎడమ చెయ్యి పట్టుకుని లేపాను. అరచెయ్యి పైకి తిప్పాను.

"ఇప్పుడెందుకు సార్?" అంది, నవ్వడానికి చూస్తూ.

వెలుతురుకి తిప్పి, కుట్ల మచ్చ పక్కన, చిటికెన వేలి కింద, బొటనవేలితో మెల్లగా నొక్కాను.

"నొప్పా?" అన్నాను.

"లేదు సార్" అంది.

నేను చెయ్యి వదల్లేదు. పిల్లలు చూస్తున్నారు. మళ్ళీ అడిగాను.

అది తల దించుకుని, "ఉన్నది సార్" అంది.